రెండో పాస్‌పోర్టు వస్తే మొదటిది ఉంటదా?

మా బ్యాచ్‌మేట్ ఒకడు మ్యూనిక్‌లో ఉంటున్నాడు. కరీంనగర్ దగ్గర పల్లెలో పుట్టి, నాతోపాటే ఇంజినీరింగ్ చదివి, ఎం.ఎస్. కోసం జర్మనీ వెళ్లి అక్కడే ఉద్యోగంలో కుదిరాడు. ఈమధ్య ఫోన్ చేసి సూటిగా అడిగాడు. "అరేయ్, ఇక్కడ చట్టం మారింది. ఐదేండ్లుంటే పౌరసత్వానికి అప్లై చేసుకోమంటున్నరు. పాత దేశానిది వదులుకోవాల్సిన పని కూడా లేదంట. అంటే రెండూ పెట్టుకోవచ్చు కదా? నా ఇండియా పాస్‌పోర్టు వచ్చే ఏడాది అయిపోతది. రెన్యువల్ చేయించాల్నా, అట్లనే వదిలెయ్యాల్నా?"

నేను మామూలుగా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, యాప్‌ల గురించి రాసుకునేవాణ్ని. అయినా ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి బెర్లిన్ దాకా పోవాల్సిన పని లేకపోయింది. కరీంనగర్ బస్టాండ్‌లో ఎక్కితే గంటలో దిగే వేములవాడలోనే దొరికింది. 15 ఏళ్లు నడిచిన ఒక కేసు, ఇదే జర్మనీ, ఇదే ప్రశ్న.

విదేశాల్లో చదువు, ఉద్యోగం అని ప్లాన్ వేసుకుంటున్న ప్రతి ఒక్కరూ ఈ కేసును ఒకసారి చదవాలి. రాజకీయం కోసం కాదు, కాగితాల కోసం.

వేములవాడలో ఏం జరిగింది?

చెన్నమనేని రమేశ్ పేరు మన జిల్లాల్లో తెలియనివారు తక్కువ. సిరిసిల్ల నుంచి పలుమార్లు ఎమ్మెల్యేగా గెలిచిన కమ్యూనిస్టు నాయకుడు చెన్నమనేని రాజేశ్వరరావు కొడుకు. వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివి జర్మనీలో అధ్యాపకుడిగా పనిచేశారు. 1993లో ఆ దేశ పౌరసత్వం తీసుకున్నారు. తర్వాత ఇండియాకు తిరిగొచ్చి, మళ్లీ భారత పౌరసత్వం కావాలని 2008 మార్చి 31న దరఖాస్తు పెట్టారు. 2009 ఫిబ్రవరి 3న పౌరసత్వం ఇచ్చారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎన్నికలు. టీడీపీ టికెట్‌పై వేములవాడ నుంచి గెలిచి అసెంబ్లీకి వెళ్లారు. తెలంగాణ ఉద్యమంలో రాజీనామా చేసి 2010 ఉపఎన్నికలో టీఆర్‌ఎస్ నుంచి, ఆ తర్వాత 2014లో, 2018లో కూడా గెలిచారు.

ఆయన చేతిలో ఓడిన ఆది శ్రీనివాస్ మాత్రం 2009 నుంచే పట్టు వదల్లేదు. పౌరసత్వం తీసుకున్న తీరే తప్పని కేంద్ర హోంశాఖకు ఫిర్యాదు చేశారు. అక్కడి నుంచి కథ కోర్టుల చుట్టూ తిరిగింది. 2013లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదంది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2016లో ఆ కోర్టే, పౌరసత్వం సంగతి ముందు హోంశాఖ తేల్చాలంది. 2017 ఆగస్టు 31న హోంశాఖ పౌరసత్వాన్ని రద్దు చేసింది. 2019 జులైలో హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, రద్దు చేయడం ప్రజాహితానికి అవసరమా కాదా అన్నది కూడా చూసి మళ్లీ నిర్ణయించమంది. 2019 నవంబర్ 20న హోంశాఖ రెండోసారి రద్దు చేసింది. మళ్లీ కోర్టు, మళ్లీ స్టే. చివరికి 2024 డిసెంబర్ 9న తెలంగాణ హైకోర్టులో జస్టిస్ బి. విజయసేన్ రెడ్డి రమేశ్ పిటిషన్‌ను కొట్టేసి, 30 లక్షల రూపాయల ఖర్చులు విధించారు. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు, మిగతా 5 లక్షలు న్యాయసేవల సంస్థకు. అప్పటికే 2023 ఎన్నికల్లో వేములవాడ ఎమ్మెల్యేగా శ్రీనివాస్ గెలిచి ఉన్నారు.

టీవీల్లో ఈ వార్త "జర్మన్ పౌరుడు ఎమ్మెల్యే అయ్యాడు" అన్న ఒక్క లైన్‌తో పోయింది. మనకు పనికొచ్చే సంగతి ఆ లైన్ కింద ఉంది.

మొదటిది 12 నెలల లెక్క. ఒకప్పుడు భారతీయుడై ఉండి, మధ్యలో వేరే దేశ పౌరుడైనవాళ్లు తిరిగి రావాలంటే 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 5 కింద దరఖాస్తు చేయాలి. దానికి ముందు వరుసగా ఏడాదిపాటు ఇండియాలో నివసించి ఉండాలి. ఆ ఏడాదిలో రమేశ్ విదేశాలకు వెళ్లివచ్చారని, ఆ ప్రయాణాల సంగతి దరఖాస్తులో చెప్పలేదని హోంశాఖ తేల్చింది. ముఖ్యమైన విషయం దాచి పౌరసత్వం తీసుకుంటే దాన్ని రద్దు చేసే అధికారం సెక్షన్ 10 కేంద్రానికి ఇస్తుంది. అంటే మొత్తం కేసు పుట్టింది ఫారంలో ఒక గడి దగ్గర. మనం ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని "ఏదో ఒకటి కొట్టెయ్ అన్నా" అంటాం చూడండి, అలాంటి గడి.

రెండోది నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. భారత పౌరసత్వం వచ్చాక కూడా రమేశ్ జర్మన్ పాస్‌పోర్టు మీద ప్రయాణించారని, ఆ పాస్‌పోర్టు 2023 వరకు చెల్లుతుందని కేంద్రం కోర్టుకు చెప్పింది. జర్మనీలో 24 ఏళ్లు నిండినవారికి పాస్‌పోర్టు పదేళ్లకు ఇస్తారు. 2023లో గడువు ముగిసే పుస్తకం ఏ ఏడాది చేతికి వచ్చి ఉంటుందో మీరే లెక్కేయండి. అప్పటి జర్మన్ చట్టం ప్రకారం, ఒక జర్మన్ పౌరుడు కోరి వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే, ముందస్తు అనుమతి లేకపోతే జర్మన్ పౌరసత్వం తనంతట తానే పోవాలి. ఇక్కడ భారతీయుడినని, అక్కడ జర్మన్‌నని రెండు కౌంటర్లలో రెండు మాటలు ఒకేసారి నిలబడవు. జర్మన్ పౌరసత్వం వదులుకున్నట్టు ఆ దేశ ఎంబసీ నుంచి కాగితం చూపమంటే అది రాలేదు. హైకోర్టు తీర్పులో ఈ కాగితం లేకపోవడం పెద్ద విషయమైంది.

బస్ పాస్, టీసీ

ఇక్కడే చాలామంది గందరగోళపడతారు. పాస్‌పోర్టు, పౌరసత్వం ఒకటే అనుకుంటారు. కాదు. ఆర్టీసీ బస్ పాస్‌తో చెబితే తేలిగ్గా ఉంటుంది.

మీ స్టూడెంట్ బస్ పాస్ గడువు అయిపోయిందనుకోండి. మీరు కాలేజీ విద్యార్థి కాకుండా పోరు. కౌంటర్ దగ్గర నిలబడి కొత్తది తీసుకుంటారు, అంతే. పాస్‌పోర్టు గడువు తీరడం ఇలాంటిదే. ఐదేళ్ల కింద అయిపోయినా మీరు భారతీయులే.

ఇప్పుడు రెండో సంగతి. పాస్ మార్చి దాకా ఉంది కానీ డిసెంబర్‌లోనే టీసీ తీసుకుని కాలేజీ వదిలేశారు. పాస్ మీద ఫొటో మీదే, తేదీ కూడా చెల్లుతుంది. అయినా ఆ పాస్‌తో బస్సెక్కితే అది తప్పు. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నాక బీరువాలో ఉన్న భారత పాస్‌పోర్టు ఇట్లాంటిదే. సెక్షన్ 9 ప్రకారం, మీ ఇష్టంతో ఇంకో దేశ పౌరసత్వం పొందిన క్షణంలోనే భారత పౌరసత్వం ముగుస్తుంది. మీరు ఎవరికీ చెప్పకపోయినా, ఏ కాగితం మీద సంతకం పెట్టకపోయినా ముగుస్తుంది. పుస్తకం మీద ఇంకా ఆరేళ్ల గడువు ఉన్నా సరే.

మన పౌరసత్వ నిబంధనల్లో ఇంకో గట్టి మాట ఉంది. ఒక భారతీయుడు ఏదైనా విదేశీ ప్రభుత్వం నుంచి పాస్‌పోర్టు పొందితే, ఆ దేశ పౌరసత్వం కోరి తీసుకున్నట్టే లెక్క, దాన్ని తిరుగులేని రుజువుగా చూస్తారు. 1962లో ఇజ్హార్ అహ్మద్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ నిబంధన చెల్లుతుందని చెప్పింది. అప్పట్లో అవి పాకిస్తాన్ పాస్‌పోర్టుల గొడవలు. ఇప్పుడు మ్యూనిక్‌కు, డల్లాస్‌కు కూడా అదే రూల్.

ఇక తెలిసీ దాచిపెట్టి భారత పాస్‌పోర్టు కోసం దరఖాస్తు చేస్తే? పాస్‌పోర్టుల చట్టం సెక్షన్ 12లో దీనికోసమే ఒక ఉపసెక్షన్ ఉంది. భారత పౌరుడు కాని వ్యక్తి తన జాతీయతను దాచి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసినా, పొందినా ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, 10 వేల నుంచి 50 వేల రూపాయల వరకు జరిమానా. అందుకే మా దోస్తుకు మొదట చెప్పింది ఇదే: "జర్మనీ వాడు రెండూ పెట్టుకో అన్నడు, నిజమే. కానీ ఇండియా వాడు అనలేదు రా."

2024 జూన్ 27న అమల్లోకి వచ్చిన జర్మన్ చట్టం సరిగ్గా చేసింది ఏమిటంటే, జర్మనీ వైపు తలుపు తెరిచింది. ఒక గదికి రెండు తలుపులుంటే ఒకటి తెరిచినంత మాత్రాన రెండోది తెరుచుకోదు కదా. అమెరికా, బ్రిటన్, కెనడా కూడా తమ వైపు నుంచి అడ్డం చెప్పవు. అయినా మనవాళ్లు అక్కడ పౌరులైతే ఇక్కడ పోతుంది. పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2022లో 2,25,620 మంది, 2023లో 2,16,219 మంది భారత పౌరసత్వం వదులుకున్నారు.

జపాన్ వైపు చూస్తే...

ఈమధ్య కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లల్లో జపాన్ మాట ఎక్కువగా వినిపిస్తోంది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్, కేర్‌గివర్ ఉద్యోగాలకు జపనీస్ భాష నేర్పి పంపుతోంది. రెండు దేశాల మధ్య 2021లో కుదిరిన ఒప్పందంతో నైపుణ్య కార్మికుల వీసా దారి కూడా తెరుచుకుంది. కాబట్టి ఆ దేశం సంగతి కూడా చూద్దాం. ఎందుకంటే పాస్‌పోర్టు విషయంలో జపాన్, ఇండియా దాదాపు అన్నదమ్ములు.

జపాన్ జాతీయత చట్టం 11వ అధికరణం మన సెక్షన్ 9 లాంటిదే. ఒక జపనీయుడు కోరి వేరే పౌరసత్వం తీసుకుంటే జపాన్‌ది తనంతట తానే పోతుంది. అమెరికాలో స్థిరపడ్డ జపనీయులు కొందరు ఇది తెలిసో తెలియకో పాత జపాన్ పాస్‌పోర్టు దాచుకుంటారు. గడువున్నంత కాలం ఇబ్బంది కనిపించదు. గడువు తీరి కాన్సులేట్‌కు రెన్యువల్‌కు వెళ్లినప్పుడు అసలు ప్రశ్న ఎదురవుతుంది: ఈ దేశంలో ఏ వీసా మీద ఉంటున్నారు? వీసా లేదంటే పౌరసత్వం ఉన్నట్టే. అక్కడ దొరికిపోతారు. ఈ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని విదేశాల్లో ఉంటున్న కొందరు టోక్యో జిల్లా కోర్టుకెక్కితే 2021 జనవరిలో ఓడిపోయారు.

పుట్టుకతోనే రెండు పౌరసత్వాలు వచ్చిన పిల్లలకు మాత్రం జపాన్ కొంత టైమ్ ఇస్తుంది. 20 ఏళ్లలోపు ఏదో ఒకటి ఎంచుకోవాలి. 2022 ఏప్రిల్‌కు ముందు ఇది 22 ఏళ్లు. టెన్నిస్ క్రీడాకారిణి నవోమి ఒసాకా తల్లి జపనీయురాలు, తాను పెరిగింది అమెరికాలో. 2019లో 22వ పుట్టినరోజు దగ్గరపడుతుండగా ఆమె జపాన్‌ను ఎంచుకుందన్న వార్త మీకు గుర్తుండే ఉంటుంది. అది మనసు మాటే కాదు, క్యాలెండర్ మాట కూడా.

రేపు మీలో ఎవరైనా ఒసాకాలో ఉద్యోగం చేస్తూ అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకున్నారనుకుందాం. పుట్టిన బిడ్డకు తల్లి నుంచి జపాన్ పౌరసత్వం వస్తుంది. ఏడాదిలోపు భారత రాయబార కార్యాలయంలో రిజిస్టర్ చేయిస్తే, తండ్రి నుంచి భారత పౌరసత్వం వస్తుంది. ఇక్కడ రెండు గడియారాలు ఒకేసారి నడుస్తాయి. మన చట్టం ప్రకారం 18 నిండిన ఆరు నెలల్లోపు రెండో దేశానిది వదులుకోకపోతే భారత పౌరసత్వం ఆగిపోతుంది. జపాన్ గడియారం 20 దాకా తిరుగుతూనే ఉంటుంది. జపాన్ గడువు ఇంకా ఉంది కదా అని తీరుబడిగా కూర్చుంటే, ఈలోపు ఇక్కడి తలుపు మూసుకుపోయి ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ భారతీయులే అయితే ఈ గొడవే లేదు. జపాన్‌లో పుట్టినంత మాత్రాన అక్కడి పౌరసత్వం రాదు.

మన గల్ఫ్‌కు ఈ తిప్పలు లేవు, వేరే తిప్పలున్నాయి

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్లల్లో ఎవరినైనా ద్వంద్వ పౌరసత్వం గురించి అడిగితే నవ్వుతారు. దుబాయ్‌లో, మస్కట్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చినా ఆ దేశాలు పౌరసత్వం ఇచ్చే ప్రశ్నే లేదు. వెళ్లేటప్పుడు ఏ పుస్తకమో, వచ్చేటప్పుడూ అదే పుస్తకం. వాళ్ల సమస్య పుస్తకం చేతిలో లేకపోవడం. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకుంటాడు. పని వదిలి బయటికొస్తే "ఖల్లివెల్లి" అయిపోతారు. ఇంతలో పాస్‌పోర్టు గడువు తీరుతుంది, కొత్తది చేయించుకోవడానికి పాతది లేదు. అప్పుడు రాయబార కార్యాలయం ఇచ్చే ఔట్‌పాస్ మీద, ఒక్కసారి ఇంటికి రావడానికి మాత్రమే పనికొచ్చే కాగితం మీద వస్తారు. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకు యూఏఈ ఇచ్చిన క్షమాభిక్షలో మన జిల్లాలవాళ్లు ఎదురుచూసింది కూడా ఈ కాగితం కోసమే. వేములవాడ కేసుకు, ఈ ఔట్‌పాస్‌కు మధ్య ఎంత దూరమో చూడండి. ఒకే మండలంలో ఒకరికి రెండు పుస్తకాలు ఎక్కువైతే, ఇంకొకరికి ఒక్కటీ లేదు.

పీఆర్, పౌరసత్వం కలిపేయకండి

సీనియర్లతో మాట్లాడుతుంటే ఒక తప్పు పదే పదే వినిపిస్తుంది. "వాడికి గ్రీన్ కార్డు వచ్చిందంట, ఇక అమెరికా వాడైపోయిండు" అంటారు. కాలేదు. గ్రీన్ కార్డు, జర్మనీ బ్లూ కార్డు, జపాన్ పీఆర్, ఏదైనా అక్కడ ఉండడానికి, పనిచేయడానికి అనుమతి మాత్రమే. వాళ్లందరూ భారతీయులే, చేతిలో ఉండాల్సింది భారత పాస్‌పోర్టే. జర్మనీలో బ్లూ కార్డు మీద ఉన్నవాళ్లు బీ1 స్థాయి జర్మన్ వస్తే 21 నెలలకు, ఏ1 స్థాయి ఉంటే 27 నెలలకు పీఆర్ అడగొచ్చు. దీనివల్ల సెక్షన్ 9 మీ జోలికి రాదు. ఉద్యోగ భద్రత ఒక్కటే కావాలనుకుంటే చాలామందికి పీఆర్‌తోనే పని అయిపోతుంది. పౌరసత్వం అదనంగా ఇచ్చేది అక్కడ ఓటు, బలమైన పాస్‌పోర్టు, వీసా భయం లేకపోవడం. అవి చిన్నవేం కావు. ఇండియా పాస్‌పోర్టుతో వీసా లైన్లలో నిలబడ్డవాళ్లకు వాటి విలువ తెలుసు. వద్దని నేను చెప్పను. వెల తెలిసి కొనుక్కోవాలి.

ఆ వెల ఏమిటి? అక్కడ పౌరులయ్యాక మీకు దొరికేది ఓసీఐ కార్డు. 2006 జనవరిలో మన హైదరాబాద్‌లోనే జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దీన్ని ప్రారంభించారు. పేరులో "సిటిజన్" అని ఉండడంతో, ఇది ద్వంద్వ పౌరసత్వం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఇది జీవితకాల వీసా. ఎప్పుడైనా రావచ్చు, ఉండొచ్చు, ప్రైవేటు ఉద్యోగం చేయొచ్చు, ఫ్లాట్ కొనుక్కోవచ్చు. ఓటు లేదు. ఎమ్మెల్యే, ఎంపీ కాలేరు. ప్రభుత్వ సర్వీసుల్లో నియామకం ఉండదు. ఈ పేజీ చదివేవారిలో సగం మంది గ్రూప్స్ పుస్తకాలు పక్కన పెట్టుకునే చదువుతుంటారని నాకు తెలుసు. "ముందు పదేండ్లు అక్కడ సంపాదించి, తర్వాత వచ్చి గ్రూప్-1 రాస్త" అనేవాళ్లను నేను చూశాను. వయోపరిమితి సంగతి పక్కన పెట్టినా, మధ్యలో పాస్‌పోర్టు రంగు మారితే ఆ ప్లాన్ అక్కడితో ఆగిపోతుంది.

మా దోస్తుకు గ్రూప్-1 గొడవ లేదు. వాడి గొడవ భూమి. తండ్రి పేరు మీద నాలుగెకరాలు ఉంది, పక్కనున్న ఎకరం అమ్మకానికి వస్తే కలుపుకోవాలని ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. విదేశాల్లో ఉన్నంత కాలం ఎన్నారై అయినా ఓసీఐ అయినా సాగుభూమి కొనే వీలు లేదు. ఫెమా నిబంధనలు ఇద్దరికీ ఒకటే. తేడా తిరిగొచ్చాక తెలుస్తుంది. భారత పాస్‌పోర్టుతో వచ్చి ఇక్కడే స్థిరపడినవాడు అందరు రైతుల్లాగే కొనుక్కుంటాడు. ఓసీఐకి ఏ విషయాల్లో ఎన్నారైతో సమానమో కేంద్రం 2021లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో రాసింది. స్థిరాస్తి అంటూనే సాగుభూమిని, ఫాంహౌస్‌ను, తోటలను మినహాయించింది.

తండ్రి భూమి వారసత్వంగా వస్తే ఓసీఐ ఉంచుకోవచ్చు. కానీ మన ఊళ్లల్లో పెద్దలు బతికుండగానే పిల్లల పేరు మీద గిఫ్ట్ డీడ్ చేసే అలవాటు ఎక్కువ. ఓసీఐ కొడుక్కి సాగుభూమి గిఫ్ట్‌గా ఇచ్చే వీలు ఆ నిబంధనల్లో లేదు. మా వాడికి ఈ ఒక్క ముక్క అర్థమయ్యాక ఫోన్‌లో చాలాసేపు మాట రాలేదు. వాళ్ల నాన్న రిజిస్ట్రేషన్ గురించి అప్పటికే డాక్యుమెంట్ రైటర్‌తో మాట్లాడి ఉన్నాడట.

మరి వద్దనుకుంటే తిరిగి రావచ్చా అంటే, రావచ్చు. వేములవాడ కేసు మళ్లీ గుర్తు చేసుకోండి. మాజీ భారతీయుడు తిరిగి పౌరుడు కావాలంటే దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడ ఉండాలి. 2015 సవరణ తర్వాత, ప్రత్యేక పరిస్థితుల్లో కేంద్రం ఒప్పుకుంటే మొత్తం 30 రోజుల వరకు సడలింపు ఉంది. అంటే ఏడాదిపాటు అక్కడి ఉద్యోగం వదిలి రావాలి. మధ్యలో బెర్లిన్‌లో మీటింగ్ అని, ఫ్రెండ్ పెళ్లి అని పోయివస్తే ఆ రోజులన్నీ ఎక్కడో ఒక ఇమిగ్రేషన్ కంప్యూటర్‌లో నమోదై ఉంటాయి. 2008లో కాగితం ముద్రలు తిరగేసి తేల్చిన విషయం ఇప్పుడు సర్వర్‌లో ఒక్క క్వెరీతో తేలుతుంది.

రెన్యువల్ దగ్గరికి వద్దాం

భారత పౌరులుగానే ఉన్నవారికి ఇది కష్టమైన పనేం కాదు. పెద్దవారి పాస్‌పోర్టు పదేళ్లకు ఇస్తారు. గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే రీ-ఇష్యూకు పెట్టుకోవచ్చు. తీరి మూడేళ్లు దాటితే మాత్రం పోలీస్ వెరిఫికేషన్ కొత్తగా మొదలవుతుందని లెక్కపెట్టుకోండి. 36 పేజీల పుస్తకానికి 1,500, 60 పేజీలదానికి 2,000 రూపాయలు. తత్కాల్ అయితే మరో 2,000. కరీంనగర్‌లో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. ఆదిలాబాద్, మంచిర్యాలవాళ్లకు పోస్టాఫీస్ సేవా కేంద్రాలున్నాయి. ఇక వీసాల కోసం, పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. కాబట్టి అడ్మిషన్ లెటర్ వచ్చాక కాదు, ఐఈఎల్‌టీఎస్‌కు ఫీజు కట్టే రోజే చివరి తేదీ చూసుకోండి. అమెరికా వీసా పాత పుస్తకంలో ఇంకా చెల్లుతుంటే దాన్ని పారేయొద్దు, కొత్తదానితోపాటు పట్టుకుపోవాలి.

టెన్త్ మెమో మాత్రం దగ్గర పెట్టుకోండి. పదో తరగతి పాసైన రుజువు లేకపోతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడుతుంది. గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. బీటెక్ చేసి కూడా ఏ మెమో పెట్టాలో తెలియక ఈ ముద్ర వేయించుకున్నవాళ్లు నాకు తెలిసే ఉన్నారు.

దరఖాస్తు ఫారంలో ఇంకో గడి ఉంటుంది. ఇండియా కాకుండా మరే దేశం పాస్‌పోర్టు అయినా ఎప్పుడైనా ఉందా అని అడుగుతుంది. ఇప్పుడు మీరు ఏం ఆలోచించకుండా "లేదు" అని కొట్టి ముందుకు పోతారు. పదేళ్ల తర్వాత అదే గడి ముందు కూర్చున్నప్పుడు కొందరికి చెయ్యి ఆగుతుంది. వేరే పౌరసత్వం తీసుకున్నవాళ్లు చేయాల్సింది రెన్యువల్ కాదు, సరెండర్. పాత పాస్‌పోర్టును భారత కాన్సులేట్‌లో అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసేటప్పుడు అడిగేది దీన్నే. ఆలస్యమైతే జరిమానా కట్టాలి. టీసీ ఆలస్యంగా తీసుకున్నట్టే.

మా దోస్తు జర్మన్ పౌరసత్వ దరఖాస్తును ప్రస్తుతానికి పక్కన పెట్టాడు. పీఆర్ ఉంది కదా, భూమి సంగతి తేలేదాకా ఆగుతానన్నాడు. వాళ్ల నాన్న గిఫ్ట్ డీడ్ ఇప్పుడే చేసేద్దాం అంటున్నాడు, అమ్మ మాత్రం తొందరెందుకు అంటోందట. మ్యూనిక్‌లోని భారత కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రెన్యువల్‌కు అపాయింట్‌మెంట్ దొరికింది. మొన్న ఫారం నింపుతూ ఆ గడి స్క్రీన్‌షాట్ పంపాడు. "లేదు" మీద టిక్ ఉంది. కింద ఒక్క లైన్ రాశాడు: "ఇంకా ధైర్యంగనే కొట్టిన రా."